తోట రాముడికి సిక్స్‌ప్యాక్ పెడితే చూస్తారా?

విభాగం: పాత సినిమాలు, కొత్త గొడవలు

పెన్నఒడ్డు (తాడిపత్రి) · శనివారం రాత్రి 9:12

రెండు రోజులుగా నా వాట్సాప్‌లో ఒకటే ఫార్వర్డ్ తిరుగుతోంది. పాత జానపద హీరో ఒకడిని పట్టుకొని వందల కోట్లు పెట్టి మూడు భాగాలుగా తీస్తారట. ఎవరు తీస్తారో, ఏ కథో, ఏమీ లేదు. పోస్టర్ మాత్రం ఉంది. మంటల మధ్య ఒకాయన మనకు వీపు చూపించి నిలబడ్డాడు. చేతిలో కత్తి ఆయనకంటే పొడుగుంది. ఉత్త పుకారే అయ్యుండొచ్చు. కానీ ఆ బొమ్మ చూడగానే నాకు ఆనందం రాలేదు, టెన్షన్ వచ్చింది.

కె.వి. రెడ్డి గారు మా తాడిపత్రి వైపు మనిషని చిన్నప్పటి నుంచి గొప్పగా చెప్పుకుంటాం. ఆయన 1951లో తీసిన 'పాతాళ భైరవి'లో హీరో ఎవరు? తోట రాముడు, తోటమాలి ఇంటి పిల్లోడు. రాజకుమారి మీద మనసు పడి, కోటలోకి దూరి, పట్టుబడిపోయే రకం. నాతో సమానంగా సంపద తెచ్చుకుంటే పిల్లనిస్తానని రాజు అంటే దాన్ని వెతుక్కుంటూ పోతాడు. చేతిలో ఏమీ లేదు కాబట్టే వాడు మాంత్రికుడి వెంట గుహలోకి నడుస్తుంటే మనకు గుండె దడదడలాడుతుంది.

ఇప్పటి హీరో మొదటి సీనులోనే వంద మందిని గాల్లోకి లేపుతాడు. అలాంటోడు గుహలోకి పోతే నాకు గుహ మీద జాలి కలుగుతుంది.

అందుకే అడుగుతున్నా. నిజంగా తీస్తే మీరు చూస్తారా?

ఓళిగల_ఓబులేసు (ధర్మవరం) · 9:20

గుహ మీద జాలి! నవ్వి నవ్వి చేతిలో టీ లుంగీ మీద పడింది పెన్నన్నా.

బురుజు_బాషా (కర్నూలు) · 9:41

ఈ ఏడుపు నేను ముందే విన్నా అన్నా. 2013 జూలైలో మన ఓర్వకల్లు రాక్‌గార్డెన్‌లో 'బాహుబలి' షూటింగ్ మొదలైనప్పుడు మేం నలుగురం రెండు బండ్లమీద పోయినాం. దగ్గరికి రానియ్యలేదు, అది వేరే సంగతి. తిరిగొచ్చేటప్పుడు మావాడొకడు "ఈ కాలంలో రాజులూ కత్తులూ ఎవరు చూస్తార్రా, ఇదంతా బూడిదలో పోసిన పన్నీరు" అన్నాడు. ఆ మాట అన్నోడే మొదటి రోజు మొదటి ఆటకు లైన్లో నాకంటే ముందున్నాడు.

రీమేక్ అనగానే మొహం మాడ్చుకోవద్దు. 1999లో వచ్చిన 'మమ్మీ' కూడా 1932 నాటి సినిమాకు రీమేకే కదా. తెలుగు డబ్బింగ్‌లో టీవీలో ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లు కూర్చున్నాం. పాతదొకటి ఉందని మనలో ఎందరికి తెలుసు?

ఇంగ్లీషు_డబ్బింగు (కడప) · 10:03

బాషా భాయ్ సగం చెప్పాడు, మిగతా సగం నేను చెప్తా. అదే 'మమ్మీ'ని 2017లో టామ్ క్రూజ్‌తో మళ్లీ తీశారు. దాని వెనకాల దయ్యాలూ భూతాలన్నిటినీ కలిపి వరసగా సినిమాలు దింపాలని పెద్ద ప్లాను. మొదటి సినిమాతోనే ఆ దుకాణం మూతపడింది.

తేడా యాడుందంటే, 1999 సినిమాలో శవం లేచి నోరు తెరిచి అరిస్తే బ్రెండన్ ఫ్రేజర్ కూడా తిరిగి అరుస్తాడు. భయమూ ఉంది, పొగరూ ఉంది. మనం ఆయన పక్కనుంటే అదే చేస్తాం. 2017 దాంట్లో తర్వాతి సినిమాలకు టికెట్లు అమ్మే తొందర తప్ప నాకేమీ కనబడలేదు.

'లోన్ రేంజర్' కూడా చూడండి. 1933లో రేడియోలో పుట్టి, తర్వాత టీవీలో అమెరికా పిల్లలందరికీ దేవుడైపోయిన ముసుగు వీరుడు. 2013లో 20 కోట్ల డాలర్ల పైనే పోసి తీశారు. రైళ్ల సీన్లు బ్రహ్మాండం, కాదనను. కానీ సినిమా పొడుగునా కనబడ్డ ప్రతివాడూ "ఈ ముసుగేంది" అని ఎగతాళి చేస్తుంటాడు. తీసినోళ్లకే వాడి మీద నమ్మకం లేకపోతే టికెట్ కొన్నోడికి ఎట్ల వస్తుంది?

'జాన్ కార్టర్'ది ఇంకా పాపం. టార్జాన్‌ను పుట్టించిన ఎడ్గార్ రైస్ బరోసే ఆ అంగారకుడి కథను 1912లో పత్రికలో వేయించాడు. వందేళ్లు అందరూ దాంట్లోంచి తలా పిడికెడు ఎత్తుకుపోయారు. 2012లో అసలుది తెర మీదికొచ్చేసరికి అదే కాపీ మాదిరి కనిపించింది. ఖర్చు 25 కోట్ల డాలర్లు. అందులో 20 కోట్ల దాకా నష్టమని డిస్నీ వాళ్లే చెప్పుకున్నారు.

నాకు నచ్చింది ఒక్కటే, 1998 నాటి జొర్రో. అందులో ముసలి జొర్రో జైలు నుంచి తప్పించుకొచ్చి ఒక దొంగ కుర్రాడికి కత్తి పట్టడం నేర్పుతాడు. కుర్రాడు మొదట్లో దద్దమ్మ. పాతాయన చేతుల మీదుగానే కొత్తవాడికి ముసుగు అందుతుంది.

బురుజు_బాషా · 10:15

అంటే బాగా తీస్తే బాగుంటుంది, చెత్తగా తీస్తే చెత్తగా ఉంటుంది అంటావు. దీనికి ఇంత పోస్టు ఎందుకప్పా!

నేలటికెట్ (అనంతపురం) · ఆదివారం ఉదయం 6:30

పిల్లలందరికీ ఆశీస్సులు. నాకు 71 ఏళ్లు. అనంతపురం చుట్టుపక్కల టూరింగ్ టాకీసుల్లో 14 ఏళ్లు ఆపరేటర్‌గా పనిచేసినాను. ఫోనులో టైపు చెయ్యడం మా మనవడు నేర్పించినాడు, తప్పులుంటే మన్నించండి.

టెంటు మీద మైకులో 'నమో వెంకటేశా' రికార్డు పెడితే ఊరికి తెలిసిపోయేది, టికెట్లు ఇస్తున్నారని. ఆడవాళ్లు ఒడిలో శనక్కాయలు పోసుకొని, చంకలో పిల్లను వేసుకొని వచ్చేవాళ్లు. మా దగ్గర ఉండేది ఒకే ప్రొజెక్టరు. రీలు అయిపోతే లైటు వెయ్యాల, ఇంకో రీలు ఎక్కించాల. ఆ మూడు నాలుగు నిమిషాలు జనం ఏం మాట్లాడుకుంటున్నారో నేను క్యాబిన్ కన్నంలోంచి వినేవాణ్ని. "ఇప్పుడు వీడు ఎట్ల బయటపడతాడే?" అని ఒకామె అడగాల, "ఉండు, ఆ ముసలామె చెప్పిన మాటుంది కదా" అని ఇంకొకామె అనాల. అది వినపడితే సినిమా వారం ఆడుతుంది. హీరో చొక్కా గురించి, హీరోయిన్ చీర గురించి మాట్లాడుకుంటే రెండో రోజుకే పెట్టె కట్టుకోవాల. నా లెక్క ఎప్పుడూ తప్పలేదు. (ఒక్కసారి తప్పింది. ఆ వారం వాన.)

విఠలాచార్య గారి సినిమాల్లో తీగలు కనబడేవి. అస్థిపంజరం ఊగుతుంటే దాని పైన దారం మెరిసేది. ఎవరూ నవ్వేవాళ్లు కాదు. దయ్యం రావడానికి ముందే అది ఎందుకొస్తుందో, వస్తే ఎవరికి నష్టమో జనానికి తెలిసి ఉండేది. ఇప్పుడు మా మనవడు చూపించే సినిమాల్లో దారం కనబడదు. దయ్యం ఎందుకొచ్చిందో కూడా కనబడదు.

'పాతాళ భైరవి' రీళ్లు నేను ఎన్నిసార్లు ఎక్కించినానో లెక్క లేదు. ఎన్.టి. రామారావు గారు అప్పటికి కొత్త నటుడే. సినిమాను మోసింది ఎస్.వి. రంగారావు గారు. మాంత్రికుడు తెర మీదికి వస్తే నేలమీద కూర్చున్నోళ్లు వెనక్కి జరిగేవాళ్లు. విలను అంత బరువుంటేనే రాముడు నెగ్గినప్పుడు ఈల వస్తుంది. ఇప్పుడు హీరోకే అంత బరువు, విలన్ తేలిపోతాడు.

పెన్నఒడ్డు · 7:05

పెద్దాయనా, రీలు మార్చేటప్పటి మాటల సంగతి అద్భుతం. నేను నిన్నటి నుంచి చెప్పలేక తిప్పలు పడుతున్నది అదే.

ఓళిగల_ఓబులేసు · 7:40

ఇప్పుడు ఇంటర్వెల్‌లో జనం మాట్లాడుకునేది ఒకటే. "పాప్‌కార్న్ ఇంత రేటా?"

గ్రీన్‌మ్యాట్ (సొంతూరు కడప, పని హైదరాబాద్) · 11:20

నేను గ్రాఫిక్స్ పనిలో తొమ్మిదేళ్లుగా ఉన్నా. అందరూ మమ్మల్నే తిడుతున్నారు కాబట్టి కొంచెం లోపలి సంగతి చెప్తా.

పాతకాలంలో ట్రిక్ షాట్ అంటే ముందే లెక్క కట్టాలి. కెమెరా ముందు సగం మూసి, ఒకసారి తీసి, ఫిల్మ్ వెనక్కి తిప్పి, రెండో సగం తెరిచి మళ్లీ తియ్యాలి. గీత ఒక్క వెంట్రుక పక్కకు పోయినా మొత్తం పోయినట్టే. అందుకని మార్కస్ బార్ట్లే లాంటి కెమెరామన్, డైరెక్టరు, కళా దర్శకుడు షూటింగ్‌కు ముందే కూర్చుని ఏ షాట్ ఎందుకో తేల్చుకోక తప్పేది కాదు. కావాల్సినవే తీసేవాళ్లు.

ఇప్పుడేమో పచ్చ గుడ్డ ముందు ఎటూ కాని లైటింగ్‌లో హీరోను నిలబెట్టి తీసుకొస్తారు. ఇది పగలా రాత్రా అని అడిగితే "తర్వాత చూద్దాం" అంటారు. నాలుగు నెలల తర్వాత "సూర్యాస్తమయం చెయ్యండి" అంటారు. మొహం మీద వెలుతురు ఒకవైపు నుంచి, సూర్యుడు ఇంకోవైపు. మీరు థియేటర్లో కూర్చుని "అబ్బా, కార్టూన్ మాదిరి ఉంది" అంటారు. రిలీజ్ డేట్ మాత్రం మారదు. ఒకే సినిమాను ఏడెనిమిది కంపెనీలకు ముక్కలు ముక్కలుగా పంచుతారు. పక్క కంపెనీ డ్రాగన్ ఏ రంగులో ఉందో మాకు తెలీదు.

ఇంకో ముక్క. ఎవరి సినిమానో చెప్పను. ఒక జానపదం లాంటి సినిమాకు నేను మూడు నెలలు పనిచేశాను. కొండలూ లేవు, కోటలూ లేవు. మూడు నెలలూ నేను చేసింది హీరో గారి పొట్ట తగ్గించడం. వీడియోలో ఒక్కో ఫ్రేము పట్టుకొని నడుము లోపలికి తొయ్యడం. ఈ చర్చ పేరు చూసి చాలాసేపు నవ్వుకున్నా.

బురుజు_బాషా · 11:32

గ్రీన్‌మ్యాట్ తమ్ముడూ, నీ పోస్టును ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టుకుంటా.

సరే, నా అసలు పాయింటుకు ఎవరూ జవాబివ్వలేదు. కె.వి. రెడ్డి గారు కథను ఆకాశంలోంచి తెచ్చారా? 'పాతాళ భైరవి'లో మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీ మజిలీ కథలున్నాయి, అల్లావుద్దీన్ దీపముంది. దీపం బదులు బొమ్మ పెట్టారు, అంతే. 1961 నాటి 'జగదేకవీరుని కథ'కు వెనక 1944 నాటి తమిళ 'జగతల ప్రతాపన్' ఉంది. ఆయన తీస్తే కళాఖండం, ఇప్పుడోళ్లు తీస్తే పాపమా?

గండికోట_గాలి (జమ్మలమడుగు) · 12:10

బాషా గారు మంచి చోట పట్టుకున్నారు. నేను స్కూల్లో తెలుగు చెప్తాను కాబట్టి కొంచెం పాఠం లాగా ఉంటే ఏమనుకోవద్దు.

కాశీ మజిలీ కథ అందరి సొత్తు. మా అవ్వ చెప్పిన కథకూ మీ అవ్వ చెప్పిన కథకూ పోలిక ఉండదు. చెప్పేవాళ్లను బట్టి మారుతుంది. పింగళి నాగేంద్రరావు గారు దాన్ని తీసుకొని తన మాటలతో, తన మనుషులతో మళ్లీ కట్టారు. కథను తీసుకోవడం అంటే అది. సినిమాను తీసుకోవడం వేరే. అందులో ఒక మొహం, ఒక గొంతు, ఒక నడక ముందే జనం కళ్లలో అచ్చయి ఉంటాయి. జితేంద్రతో 1985లో హిందీలో 'పాతాళ భైరవి' తీశారు. రంగులున్నాయి, సెట్లున్నాయి. ఈ చర్చ మొదలై సగం రోజు దాటింది, ఒక్కరైనా దాని పేరు ఎత్తారా?

1994 నాటి 'భైరవ ద్వీపం' చూడండి. సింగీతం శ్రీనివాసరావు గారు కె.వి. రెడ్డి గారి దగ్గర పనిచేసినవారు. తీసిన సంస్థ 'పాతాళ భైరవి' నిర్మాత నాగిరెడ్డి గారి కుటుంబానిది. కావాలంటే 'పాతాళ భైరవి'నే మళ్లీ తీసుకోవచ్చు, ఎవరు అడ్డుపడతారు? తియ్యలేదు. కొత్త కథ కట్టుకున్నారు. అందులో హీరో రాజకుమారి ప్రాణం కోసం తన అందాన్ని వదులుకొని కురూపి అవుతాడు. బాలకృష్ణ గారు అప్పటికే పెద్ద స్టార్. ఆయనకు గూని పెట్టి, మొహం పాడుచేసి తెర మీద నిలబెట్టారు. ఈరోజు ఏ నిర్మాత ఒప్పుకుంటాడు చెప్పండి.

పనిలో పని, సొంత గోల ఒకటి. నేను ఎనిమిదేళ్లప్పుడు టీవీలో 'గండికోట రహస్యం' చూశాను. 1969 నాటిది, రామారావు గారిది, విఠలాచార్య గారి దర్శకత్వం. మరుసటి ఆదివారం మా నాన్నను పీడించి గండికోటకు పోయి, ధాన్యాగారంలో, జుమ్మా మసీదు పక్కన, మాధవరాయ గుడి వెనక రహస్య ద్వారం వెతికాను. దొరకలేదు. పెన్న లోయ అంచున నిలబడి ఏడ్చాను. ఇప్పుడు మా పిల్లల్ని కోటకు తీసుకుపోతే ఏమీ వెతకరు. సెల్ఫీలు దిగి వచ్చేస్తారు. వాళ్లను మళ్లీ వెతికించగల సినిమా వస్తే, అది రీమేకే అయినా సరే, మొదటి టికెట్ నాదే.

కోవెలకుంట్ల_కోడె (కోవెలకుంట్ల) · మధ్యాహ్నం 1:45

మాది కథల హీరో కాదు, నిజం హీరో. అయినా ఇక్కడే చెప్తా. 2019లో 'సైరా' వచ్చినప్పుడు మా ఊళ్లో ట్రాక్టర్లు కట్టుకొని పోయి చూసినాం. చిరంజీవి గారిని చూసి ఈలలు వేసినాం. ఇంటికొచ్చినాక మా తాత అడిగినాడు, "పింఛను సంగతి సరిగ్గా చూపించినారా?" అని.

మా వైపు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ చెప్పేటోళ్లు అక్కడే మొదలుపెడతారు. నెలకు 11 రూపాయల చిల్లర పింఛను. దాని కోసం మనిషిని కోవెలకుంట్ల ఖజానాకు పంపితే తాసిల్దారు అవమానించి పంపినాడు. అక్కడ రాజుకుంది. 1846లో ఖజానా మీద పడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీసినారు. 11 రూపాయల కాడ మొదలైన మనిషి కంపెనీ వాళ్లకు చెమటలు పట్టించినాడు అంటేనే మాకు ఒళ్లు జలదరిస్తుంది. సినిమా ఆయన్ని పుట్టుకతోనే కొండంత చేసింది. సినిమా బాగుంది, నేను కాదనను. కానీ మా ఊరి మనిషి మాదిరి అనిపించలేదు.

మోడరేటర్ ఉగ్గాని_బజ్జి · 3:00

హీరోగా ఎవరైతే బాగుంటారు అనే పోస్టులు 14 తీసేశాను. అభిమానుల కొట్లాటకు వేరే విభాగం ఉంది, అక్కడ తన్నుకోండి. 'మోసగాళ్లకు మోసగాడు', 'టక్కరి దొంగ' పోలిక పెట్టినాయనకు: కౌబాయ్ కథలకు వేరే చర్చ తెరవండి, బాగుంటుంది.

జేజి_మనవరాలు (ప్రొద్దుటూరు) · సాయంత్రం 5:25

నాకు 20. డిగ్రీ మూడో సంవత్సరం. నిజం చెప్తే తిట్టొద్దు, నేను నలుపు తెలుపు సినిమా పూర్తిగా ఒక్కటి కూడా చూడలేదు. మీ పోస్టులన్నీ చదివాక నా డౌట్ ఒకటే. ఈ పాత కథల్లో రాజకుమారి చేసే పనేంటి? పాట పాడటం, ఎత్తుకుపోబడటం, విడిపించబడటం. ఆ ఒక్కటి మార్చడానికైనా మళ్లీ తియ్యాలి కదా? మీరందరూ మగవాళ్ల సాహసం గురించే బాధపడుతున్నారు.

పెన్నఒడ్డు · 5:50

అమ్మాయీ, దీనికి నా దగ్గర జవాబు లేదు. నువ్వు చెప్పింది నిజమే.

గండికోట_గాలి · 6:02

నాకుంది. మళ్లీ తియ్యడం అవసరం అనడానికి ఈ రెండు రోజుల్లో విన్న మొదటి మంచి కారణం ఇదే. కాకపోతే చెల్లీ, వచ్చే సినిమాలో రాజకుమారి చేతికి కత్తి ఇచ్చి, ఒక్క ఫైటు పెట్టి, మళ్లీ కట్టేసి మూల పడేస్తారేమో అని నా భయం. ట్రైలర్లో ఆ ఫైటు, సినిమాలో ఆ మూల.

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు ఎన్ని సీరియళ్లు రాశారు! 'తోకచుక్క', 'మకర దేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'రాకాసి లోయ'... వాటిలో ఒక్కదాన్ని తీసుకొని నువ్వన్న మార్పు చెయ్యొచ్చు. ఆ కథల హీరోల మొహాలు జనం కళ్లలో అచ్చయి లేవు, చిత్రా గారి బొమ్మలు తప్ప. అక్కడ ఎవరి జ్ఞాపకాన్నీ చెరపక్కర్లేదు.

నేలటికెట్ · 6:40

ప్రొద్దుటూరు పాపా, నీ పేరులో జేజి ఉంది కదా. ఆమె ఉంటే పక్కన కూర్చోబెట్టుకొని ఒకసారి 'పాతాళ భైరవి' చూడు. యూట్యూబ్‌లో ఉందని మా మనవడు చెప్పినాడు. అందులో మాంత్రికుడి శిష్యుడు సదాజపుడుగా వేసిన పద్మనాభం మీ జిల్లావాడే, సింహాద్రిపురం. చూసి వచ్చి నచ్చకపోతే నన్ను తిట్టు, పడతాను.

జేజి_మనవరాలు · సోమవారం రాత్రి 10:15

చూశాను. జేజి, నేను, మా చిన్నాన్న కొడుకు (మూడో తరగతి). ఫోన్ను టీవీకి కలిపి.

మొదటి అరగంట నేను మధ్యమధ్యలో మెసేజ్‌లు చూసుకున్నా, అబద్ధం చెప్పను. పాటలు ఎక్కువున్నాయి. మొసలితో కుస్తీ దగ్గర పిల్లాడు నవ్వాడు, "అక్కా, అది బొమ్మ" అన్నాడు. ఆ మొసలి శాపం తీరి ఆడమనిషిగా మారి, నిన్ను బలి ఇవ్వడానికే తెచ్చాడు అని చెప్పినప్పుడు మాత్రం వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. కరెంటు పోయింది సరిగ్గా అప్పుడే. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ వాడు జేజిని చంపేశాడు, "మాంత్రికుడికి తెలిసిపోతుందా? రాముడు పారిపోతాడా?" అని. జేజి చెప్పలేదు. నేలటికెట్ తాతయ్యా, అప్పుడు మీరే గుర్తొచ్చారు.

రాజకుమారి గురించి నా మాట నేను వెనక్కి తీసుకోను. ఇందుమతి పాత్ర నాకు నచ్చలేదు.

కానీ ఒకటి ఎవరూ చెప్పలేదేంటి? మాంత్రికుడి శక్తంతా గడ్డంలో ఉంటుందని. వాణ్ని గడ్డం గీయించి ఓడిస్తారు! పిల్లాడు సోఫా మీద ఎగిరాడు. ఇవాళ పొద్దున మా చిన్నాన్న షేవింగ్ చేసుకుంటుంటే బాత్రూం తలుపు దగ్గర నిలబడి "ఇప్పుడు నీ శక్తి పోయింది" అంటున్నాడు.

నేలటికెట్ · 10:31

బాగుందమ్మా. మీ జేజికి నా నమస్కారం చెప్పు.

బురుజు_బాషా · 10:40

సరే, నేను సగం ఓడిపోయాను. ఆ పోస్టర్ మళ్లీ చూశా. ఆ సినిమా వస్తే మొదటి రోజు పోతా, ఎట్లుందో చెప్తా. మీరు నా మాట విని రెండో రోజు రండి.

గ్రీన్‌మ్యాట్ · 10:48

ఆ పోస్టర్‌ను పెద్దది చేసి చూశాను. వీపు మనకు పెట్టినా మొహం కొంచెం పక్కకుంది. హీరోకు ఇంత పొడుగు గడ్డం ఉంది.

ఓళిగల_ఓబులేసు · 10:52

అయితే అయిపాయె. ఆయనకు గడ్డం ఎవరు గీస్తారప్పా?